చేతిపనికీ సంగీతానికీ మీరు నిజంగా చూసే ఛానెళ్లు ఏవి?

ప్రశ్న: రెండో అంతస్తు

అందరికీ నమస్కారం. ఉద్యోగం నుంచి వచ్చి భోజనం ముగించాక నాకు రోజూ గంటకు పైగా తీరిక దొరుకుతుంది. ఇంతకాలం ఆ గంట ఫోనులో ఏదో ఒకటి చూడడంతోనే గడిచిపోతోంది. చూడడం మానుకునే ఉద్దేశం నాకు లేదు కాని, చూసినదాని వల్ల చేతికో చెవికో ఏదైనా అలవడితే బాగుంటుందని అనుకుంటున్నాను. చేతికైతే కొయ్యపని, అంటే యంత్రాలు లేకుండా చిన్న పీటలు, పెట్టెలు, అరలు చేయగలిగినంత. చెవికైతే కర్ణాటక సంగీతం. చిన్నతనంలో జంట స్వరాల (మొదట్లో నేర్పే స్వర అభ్యాసాల) దాకా వచ్చి ఆపేశాను. ఇప్పుడు పాడలేకపోయినా, కచేరీ వింటున్నప్పుడు ఏం జరుగుతోందో తెలుసుకుంటూ వినగలగాలి.

యూట్యూబులో వెతికితే దొరకనిదంటూ లేదు, అదే నా ఇబ్బంది. కొయ్యపని అని వెతికితే లక్షల రూపాయల యంత్రాలున్న కార్ఖానాలు కనిపిస్తాయి, సంగీతం అని వెతికితే వారంలో నేర్పుతామనేవారు కనిపిస్తారు. పది ఛానెళ్ల జాబితా ఇచ్చి వదిలేయకుండా, మీరు ఎవరిని ఎందుకు చూస్తారో, చూశాక మీకు ఏం వచ్చిందో చెప్పమని మనవి. నేను విజయవాడలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటాను, కాబట్టి పెద్ద చప్పుడు చేసే పనులు కుదరవు. తెలుగులో ఉంటే మంచిదే. ఇంగ్లీషైనా నిదానంగా మాట్లాడేవారైతే నాకు ఇబ్బంది లేదు.

జవాబు: చెక్కపొట్టు

కొయ్యపని వరకు మీకు ఒక్క పేరు చాలు: పాల్ సెల్లర్స్. పదిహేనేళ్ల వయసులో ఇంగ్లండులో వడ్రంగి శిష్యరికం మొదలుపెట్టి, జీవితమంతా అదే పనిలో గడిపిన మనిషి. ఆయన మాట ఎంత నిదానంగా ఉంటుందంటే మొదట్లో విసుగు కూడా రావచ్చు. మూడు రకాల అతుకులు, పది చేతి పనిముట్లు చేతిలో ఉంటే ఇంటికి కావలసిన కొయ్య సామానులో చాలామటుకు చేసుకోవచ్చన్నది ఆయన మొదటి నుంచీ చెబుతున్న మాట. ఒక పలకలో గాడి తీసి రెండో పలకను అందులో కూర్చోబెట్టడం, ఒక కొయ్య చివర కుసి (సన్నని ముక్కు) చెక్కి మరో కొయ్యలోని బెజ్జంలో దించడం, పెట్టెల మూలల్లో పావురం తోక ఆకారపు పళ్లు కోసి బిగించడం, ఇవే ఆ మూడూ. మీరడిగిన పీటకూ, పెట్టెకూ, అరకూ వీటికి మించి అక్కర్లేదు.

ఆయన పెరట్లో, ఆరుబయట నిలబడి పనిబల్ల తయారు చేసిన వీడియోలు పాతవే కాని, కొత్తవారు చూడవలసింది వాటినే. పనిబల్ల లేకుండా పనిబల్లను ఎలా చేయాలన్న చిక్కును ఆయన దాచకుండా చూపిస్తాడు. పూర్తిగా కొత్తవారి కోసం కామన్ వుడ్‌వర్కింగ్ అనే పేరుతో వేరే సైటు కూడా నడుపుతున్నాడు. దాన్ని ఉచితంగానే చూడవచ్చు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది గీత గీసే పద్ధతి. పెన్సిలుతో గీస్తే ఆ గీతకే ఒక మందం ఉంటుంది, రంపం దానికి ఎటువైపు పోవాలో తెలియదు. ఆయన మూలమట్టం ఆనించి చాకుతో గీస్తాడు. తరవాత తీసేయవలసిన వైపు నుంచి ఉలితో సన్నగా ఏటవాలుగా చెక్కి, ఆ గీతను చిన్న గోడలా నిలబెడతాడు. ఇక రంపం ఆ గోడకు ఆనుకుని దిగుతుంది. ఇంత చిన్న సంగతి తెలియకపోవడం వల్లనే అతుకుల్లో సందులు వస్తాయి. మన ఊళ్ల వడ్రంగులకు ఇది చేతి అలవాటుగా తెలుసు కాని, ఎందుకలా చేస్తున్నామో విప్పి చెప్పే తీరిక వారికి ఉండదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆయన పని అంతా నిలబడి, బల్లకు బిగించిన పట్టకారులో కొయ్యను పట్టి చేసేది. మన దగ్గర పని నేల మీద కూర్చుని, కాలితో కొయ్యను అదిమిపట్టి సాగుతుంది. ఇంట్లో బల్లకు చోటు లేదనుకుంటే పద్ధతులు ఆయన దగ్గర నేర్చుకుని, కూర్చునే తీరు మనదే ఉంచుకోండి. చెక్క విషయంలోనూ అంతే. ఆయన తరచు వాడే పైన్ కోసం తిరగకుండా, టింబర్ డిపోలో మిగిలిపోయిన టేకు ముక్కలు అడిగితే తూకానికి ఇస్తారు. చప్పుడు సంగతికి వస్తే, చేతి రంపమూ చిత్రికా (కొయ్యను నునుపు చేసే పనిముట్టు) పక్క ఇంటికి వినబడవు. కొయ్య సుత్తితో బెజ్జం కొట్టేటప్పుడు మాత్రం కింది అంతస్తువారు పైకి వచ్చే అవకాశం ఉంది. ఆ పని ఆదివారం మధ్యాహ్నం కాకుండా చూసుకోండి.

రెండో పేరు కూడా చెబుతాను, చూసి ఆనందించడానికి. కెనడాకు చెందిన మథాయస్ వాండెల్ వృత్తిరీత్యా ఇంజినీరు, ఒకప్పుడు బ్లాక్‌బెర్రీ ఫోన్లు చేసిన సంస్థలో పనిచేశాడు. కొయ్యతో పళ్ల చక్రాలు, గోళీలు దొర్లే యంత్రాలు, చివరికి కొయ్యను కోసే యంత్రాలు కూడా కొయ్యతోనే చేస్తాడు. ఆయన చేసినవి మీరు చేయలేరు, నేనూ చేయలేను. కాని ఒక వస్తువు ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవడానికి దాన్ని కావాలని విరగ్గొట్టి, ఎంత బరువుకు విరిగిందో కొలిచి చూపించే మనిషి ఈ రంగంలో అరుదు.

మాటలు లేకుండా, వెనక సన్నని సంగీతంతో సాగే జపాను తరహా వీడియోలు మీకు కుప్పలుగా ఎదురవుతాయి. అవి కంటికి హాయిగా ఉంటాయి కాని నేర్చుకోవడానికి పనికిరావని నా అభిప్రాయం.

జవాబు: మంద్రస్థాయి

సంగీతం గురించి అడిగారు కాబట్టి నేను అంతవరకే చెబుతాను. కచేరీ వినడం, వింటున్నది అర్థం చేసుకోవడం, తిరిగి పాడడం అనేవి మూడు వేర్వేరు పనులు. ఒకే ఛానెల్ మూడింటికీ పనికిరాదు. మీరు మొదటి రెండూ కోరుకుంటున్నారు, అది సరైన కోరికే.

వినడానికి ప్రసార భారతి ఆర్కైవ్స్ ఛానెల్‌తో మొదలుపెట్టండి. ఆకాశవాణి, దూరదర్శన్ నిలవల్లోని పాత కచేరీలు అందులో ఉన్నాయి. బొమ్మ మసకగా ఉంటుంది, శబ్దంలో గరగర ఉంటుంది, అయినా ఆ తరం విద్వాంసులు రాగాన్ని ఎంత తొందర లేకుండా తెరుస్తారో వింటేనే తెలుస్తుంది. చిత్రీకరణ బాగుండాలంటే ఇంగ్లండులో 2006లో మొదలైన దర్బార్ అనే భారతీయ శాస్త్రీయ సంగీత ఉత్సవం వారి ఛానెల్ చూడండి. అందులో హిందుస్తానీ పాలు ఎక్కువే అయినా కర్ణాటక కచేరీలూ ఉన్నాయి. వాయించేవారి వేళ్లను దగ్గరగా, ఆగి చూపిస్తారు. వీణలో ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికించడం కంటితో చూస్తే, గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) అంటే ఏమిటో పది పేజీల వివరణకన్నా బాగా తెలుస్తుంది.

గమకం మాట వచ్చింది కాబట్టి మహేశ్ రాఘవన్ గురించి చెప్పాలి. ఆయన జియోష్రెడ్ అనే యాప్ పెట్టుకుని ఐప్యాడ్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తాడు. గాజు పలక మీద వేలు జరిపితే స్వరం నుంచి స్వరానికి తెగకుండా జారుతుంది కాబట్టి, పియానో మెట్ల మీద సాధ్యంకాని గమకం అక్కడ సాధ్యమవుతుంది. సంప్రదాయవాదులు దీన్ని ఆటబొమ్మగా చూస్తారు. నాకు మాత్రం వేలి కదలికా స్వరం కదలికా ఒకే చోట కనిపించడం పాఠంగా ఉపయోగపడింది.

అర్థం చేసుకోవడానికి అనూజా కామత్‌ను చూడండి. ఆమె చెప్పేది హిందుస్తానీ పద్ధతి, రాగాల పేర్లు మనవాటితో కలవవు, అది గుర్తుంచుకోవాలి. కాని రాగం అంటే కేవలం స్వరాల జాబితా కాదనీ, ఏ స్వరం మీద నిలవాలి, ఏ దారిన దిగాలి అన్నదాంట్లోనే రాగం ఉంటుందనీ ఆమె పాడి చూపిస్తుంది. అమెరికాకు చెందిన బాస్ గిటారు కళాకారుడు ఆడమ్ నీలీ 2020లో ఒక సుదీర్ఘ వీడియో చేశాడు. కళాశాలల్లో సంగీత శాస్త్రం పేరుతో బోధించేది నిజానికి పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా సంగీతకారుల స్వరమేళన పద్ధతి మాత్రమేనని అందులో వాదించాడు. ఆ వీడియోలో అనూజా కామత్ కూడా మాట్లాడింది. కీబోర్డు నేర్చుకుని కర్ణాటక సంగీతానికి వచ్చేవారు తప్పక చూడవలసిన వీడియో అది.

ఇక తెలుగువారికి ఉన్న ఒక సౌకర్యం మనమే మరచిపోతాం. కచేరీలో పాడేవాటిలో ఎక్కువ భాగం మన భాషలోనే ఉంటాయి. చెన్నైలో ముందు వరుసలో కూర్చున్న రసికుడు అర్థం కోసం పుస్తకం చూసుకుంటే, మనకు మాట నేరుగా అందుతుంది. తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ పంచరత్న కృతులను విద్వాంసులందరూ కలిసి పాడతారు. ఆ ఆరాధన వీడియోలు ఏ ఏటివైనా దొరుకుతాయి. అందరూ ఒకే స్వరసాహిత్యాన్ని ఒకే వేగంతో పాడతారు కాబట్టి, పుస్తకం ముందు పెట్టుకుని వెంట నడవడానికి అంతకన్నా అనువైనది లేదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం అని ఐదు రాగాలు. నెలకొకటి చొప్పున పెట్టుకోండి. వరాళిని గురువు శిష్యుడికి నేరుగా నేర్పితే ఇద్దరికీ పొరపొచ్చాలు వస్తాయని పాత నమ్మకం ఒకటి ఉంది. ఆ లెక్కన దాన్ని వీడియో చూసి నేర్చుకోవడమే క్షేమమేమో!

పాడడం మాత్రం వీడియోలతో రాదు. శ్రుతి తప్పిందని వీడియో చెప్పదు. ఒకవేళ మీ మనసు మారి పాడాలనిపిస్తే, విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి ఒకప్పుడు వచ్చిన సంగీత శిక్షణ కార్యక్రమం రికార్డింగులు వెతకండి. వోలేటి వెంకటేశ్వర్లు గారి వంటి విద్వాంసులు ఒక సంగతి (పాటలో ఒక పాదాన్ని మలిచే తీరు) పాడడం, శిష్యులు తిరిగి పాడడం, గురువు దిద్దడం అన్నీ వినబడతాయి. పక్కవాడి తప్పును దిద్దడం విన్నా మన తప్పు కొంత తెలుస్తుంది.

జవాబు: ఆరు తీగలు

పాడడం వీడియోలతో రాదన్న మంద్రస్థాయి గారి మాటతో నాకు పూర్తి ఏకీభావం లేదు. గానానికి అది నిజమై ఉండవచ్చు. గిటారును నేను పూర్తిగా వీడియోలు చూసే నేర్చుకున్నాను, అదీ ఒకే మనిషి దగ్గర. జస్టిన్ శాండర్కో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఉపాధ్యాయుడు. జస్టిన్‌గిటార్ పేరుతో 2003 నుంచి పాఠాలు పెడుతున్నాడు, మొదటి మెట్టు పాఠాలు నేటికీ ఉచితమే. ఆయన గొప్పతనం వాయించడంలో కన్నా క్రమంలో ఉంది. ఈ పాఠం తరవాత ఆ పాఠం, ఇది వచ్చేవరకు అది చూడవద్దు అని కచ్చితంగా చెబుతాడు. దిద్దే మనిషి ఎదురుగా లేని లోటును ఆయన కొలతతో పూరించాడు: రెండు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మధ్య నిమిషంలో వేళ్లు ఎన్నిసార్లు శుభ్రంగా మారాయో లెక్కపెట్టి రాసుకోమంటాడు. అంకె పెరిగితే వచ్చినట్టు, పెరగకపోతే రానట్టు. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలకు ఇటువంటి కొలత ఎవరైనా పెట్టి తెలుగులో పాఠాలు చేస్తే బాగుండునని నాకు చాలాకాలంగా కోరిక.

అర్థం చేసుకుంటూ వినడం గురించి అడిగారు కాబట్టి రిక్ బియాటోను కూడా చూడండి, మీ కచేరీలతో ఆయనకు సంబంధం లేకపోయినా. ఒక పాశ్చాత్య పాటను తీసుకుని, డ్రమ్ములను వేరుగా, బాస్‌ను వేరుగా, గొంతును వేరుగా వినిపించి, అది అంత బాగుండడానికి కారణం ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాడు. ఒకసారి ఆ అలవాటు పడితే మన సినిమా పాటల్లో కూడా వెనక వయొలిన్లు ఎక్కడ ఆగాయో, తబలా ఎక్కడ మొదలైందో వినబడడం మొదలవుతుంది.

తెలుగు సినిమా పాటలకు అలా చేసేవారు ఎందుకు లేరని అడగవచ్చు. ఉన్నారు కాని, పాటలోని పదిహేను సెకన్లు వినిపిస్తే చాలు, హక్కుదారుల ఫిర్యాదు వచ్చి వీడియో ఆగిపోవడమో, ఆదాయం వారికి మళ్లడమో జరుగుతుంది. బియాటో ఇదే బాధ మీద 2020లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. కాబట్టి మనవారు పాటను వినిపించకుండా హార్మోనియం మీద వాయించి చెబుతూ నెట్టుకొస్తున్నారు. అలాంటి ఛానెల్ కనిపిస్తే బొమ్మ బాగాలేదని వదిలేయకండి.

జవాబు: ఇత్తడి చక్రం

మాటలు లేని వీడియోలు నేర్చుకోవడానికి పనికిరావన్న చెక్కపొట్టు గారి తీర్పును సవరించాలి. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో జాన్ ప్లాంట్ అనే ఆయన 2015 నుంచి ప్రిమిటివ్ టెక్నాలజీ అనే ఛానెల్ నడుపుతున్నాడు. ఒంటి మీద నిక్కరు తప్ప బయటి వస్తువేదీ వాడకుండా రాతి గొడ్డలి, మట్టి పెంకులు, కొలిమి తయారు చేస్తాడు, ఒక్క మాట కూడా మాట్లాడడు. చాలామందికి తెలియనిదేమిటంటే, ఆ వీడియోలకు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే ప్రతి అడుగుకూ ఆయన రాసిన వివరణ ఉంటుంది. అవి లేకుండా చూస్తే వినోదం, వాటితో చూస్తే పాఠం.

అయితే ఆయనను చూసి పుట్టుకొచ్చిన అనుకరణలతో జాగ్రత్త. ఇద్దరు మనుషులు కర్రలతో అడవిలో ఈతకొలను తవ్వినట్టు చూపించిన వీడియోల్లో కొన్నింటికి కెమెరా వెనుక యంత్రాలు పనిచేశాయని బయటపడింది. తుప్పుపట్టిన పాత వస్తువులను బాగుచేసే వీడియోల్లోనూ, కొత్త వస్తువుకు కావాలని తుప్పు పట్టించేవారున్నారు. పని మధ్యలో ఎక్కువసేపు కెమెరా ఆగి, మళ్లీ మొదలయ్యేసరికి కష్టమైన భాగం అయిపోయి ఉంటే అనుమానించండి.

చేతిపనిలో నేను అందరికన్నా ఎక్కువగా గౌరవించేది క్లిక్‌స్ప్రింగ్ ఛానెల్‌ను. అదీ ఆస్ట్రేలియాదే. ఇత్తడితో గడియారాన్ని ఒక్కో చక్రం కోసి, ఆకురాయితో అరగదీసి, మెరుగుపెట్టి తయారు చేసిన వరుస మొదట వచ్చింది. తరవాత ఆ ఛానెల్ నడిపే ఆయన ఆంటికిథెరా యంత్రానికి నకలు చేయడం మొదలుపెట్టాడు. గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిన ఓడ నుంచి 1901లో బయటపడిన, రెండు వేల ఏళ్లనాటి ఖగోళ గణన యంత్రం అది. ఆ కాలపు పనిముట్లతో అది ఎలా సాధ్యమో చూడడానికి ఆకురాళ్లను కూడా తానే చేసుకున్నాడు. అలా చేస్తూ ఉండగా ఒక సందేహం వచ్చింది. యంత్రం ముందున్న పంచాంగ చక్రంలో రోజుకొకటి చొప్పున 365 రంధ్రాలు ఉండాలని పండితులు అనుకునేవారు. మిగిలిన ముక్కను కొలిచి చూస్తే 354 అని తేలుతోందనీ, అంటే అది చాంద్రమాన సంవత్సరమనీ ఆయనా ఆయన సహచరులూ 2020లో పరిశోధన పత్రం ప్రచురించారు. 2024లో గ్లాస్గో విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రజ్ఞులు గురుత్వ తరంగాల పరిశోధనకు వాడే గణాంక పద్ధతులతో లెక్కగట్టి, 354 లేక 355 అన్నదే సంభావ్యమని చెప్పారు. చాంద్రమాన పంచాంగంతో పండగలు చేసుకునే మనకు ఈ కథ ఇంకొంచెం దగ్గరగా ఉంటుంది.

ప్రశ్నించినవారి స్పందన: రెండో అంతస్తు

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు జవాబులూ రెండుసార్లు చదివాను. చెక్కపొట్టు గారూ, పనిముట్లు ఇంకా కొనలేదు. మొదట ఏ వీడియో చూసి ఏం కొనాలి? మంద్రస్థాయి గారూ, మీరు వీణ గురించి రాయడంతో అడుగుతున్నాను. మా అమ్మగారి వీణ ఇంట్లో ఉంది. ఎన్నో ఏళ్లుగా వాయించలేదు, నాలుగైదు మెట్లు మైనం విడిచి కదులుతున్నాయి. మైనం వేడిచేసి మెట్లు అతికించడం చూపే వీడియోలు కొన్ని కనిపించాయి. నేనే ప్రయత్నించవచ్చునా?

జవాబు: చెక్కపొట్టు

సెల్లర్స్ వీడియోల్లో ముందు ఉలికి పదును పెట్టే వీడియో చూడండి. ఒక ఉలి, ఒక చేతి రంపం, ఒక మూలమట్టం, ఒక చాకు చాలు. నాలుగో నంబరు చిత్రిక వచ్చే నెల కొనవచ్చు. ఆయన వాడే వజ్రపు పలకలు ఖరీదైనవి. వాటికి బదులు మందపాటి గాజు ముక్క మీద ముతకవి, నడితరంవి, నున్ననివి మూడు రకాల గరుకు కాగితాలు అంటించుకోండి, చివర తోలు ముక్క మీద రుద్దండి. ముంజేతి వెంట్రుకలు తెగేంత పదును వచ్చేదాకా కొయ్య జోలికి పోకండి. మొద్దు ఉలితో మొదలుపెట్టినవారు చెక్క మంచిది కాదని టేకును తిడుతూ కూర్చుంటారు.

జవాబు: మంద్రస్థాయి

దయచేసి ప్రయత్నించవద్దు. ఊడిన మెట్టును అతికించడం పెద్ద పని కాదు కాని, ఇరవై నాలుగు మెట్లనూ శ్రుతికి కుదిర్చి మేళం కట్టడం చెవితో చేసే పని. ఒక మెట్టు వెంట్రుకవాసి జరిగినా ఆ స్వరం అపశ్రుతి పలుకుతుంది. నాలుగు మెట్లు కదిలాయంటే మైనం అంతా ఎండిపోయి ఉంటుంది, కాబట్టి అన్నిటినీ తీసి కొత్తగా కట్టించవలసి రావచ్చు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా పనస కొయ్యతో వీణలు చేస్తున్న కుటుంబాలు ఉన్నాయి. అంతదూరం వెళ్లేముందు మీ ఊళ్లోనే సంగీత కళాశాలలో వీణ అధ్యాపకులను అడగండి. మేళం కట్టేవారు ఏడాదిలో ఎప్పుడు వస్తారో వారికి తెలుస్తుంది. అంతవరకు తీగల బిగువు కొంత వదులు చేసి, బట్ట కప్పి, ఎండ తగలని చోట ఉంచండి. కట్టేవారు వచ్చిన రోజు మాత్రం పక్కన కూర్చుని చూడండి. వారు అభ్యంతరం చెప్పకపోతే వీడియో తీసి ఇక్కడ పెట్టండి. తెలుగులో మాటలతో సహా ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా చూపించే వీడియో నాకు ఇంతవరకు కనబడలేదు.